బెంగుళూరు సారు వచ్చిన పొద్దు

పోయిన వారం నంద్యాలలో నడిమధ్యాహ్నం ఉన్నట్టుండి గాలివాన కొట్టింది. పొద్దున నేను పాఠాలు చెప్పే బడికి పోయే తొందరలో వంటింటి కిటికీ మూయడం మరిచిపోయాను. ఆ పూట ఇంట్లో ఇంకెవరూ లేరు, సాయంత్రం వచ్చి చూస్తే గట్టు మీద సగం వాడి పెట్టిన సేమియా పొట్లం తడిసి, పోగులన్నీ ఒకదాన్నొకటి కరుచుకుని తెల్లటి ముద్దయి కూచుంది. పారేద్దామని చేతిలోకి తీసుకునేసరికి వాసన తగిలింది. పచ్చిపిండి వాసన, దాని కింద సన్నటి పులుపు, ఇంకా కింద ఎండకు కాలిన గోనెపట్టా మీద మొదటి చినుకులు పడితే లేచే దుమ్మువాసన. మా వంటింట్లో గోనెపట్టా లేదు, దుమ్మూ లేదు. అయినా వచ్చింది. ఆ ముద్దను చేతిలో అట్లాగే పట్టుకుని, లైటు కూడా వేయకుండా చాలాసేపు నిలబడిపోయాను.

మాది ఆళ్లగడ్డ. నేను పుట్టి పెరిగిన ఇంట్లో ఇల్లు ఎక్కడ అయిపోయి సేమియా కంపెనీ ఎక్కడ మొదలయ్యేదో మాకే సరిగ్గా తెలిసేది కాదు. వీధివైపు పెద్ద పడసాలలో సేమియా మిషను, దాని పక్కన పిండి కలిపే తొట్టి, గోడ పొడుగునా పొట్లాలు కట్టే బల్ల. పడసాల దాటితే నడిల్లు, అందులో పైకప్పు దాకా రవ్వమూటలు, వాటి సందున మా అవ్వ మంచం. దాని వెనక వంటిల్లు, పెరడు. నేను రవ్వమూటల మీద బోర్లా పడుకుని ఎక్కాలు రాసుకున్నదాన్ని. మా జడల్లో, కనురెప్పల మీద, పూజగూట్లో దేవుని పటాల మీద ఎప్పుడూ సన్నటి తెల్లపొడి ఉండేది. బడిలో పిల్లలు నన్ను సేమియా పాపా అని పిలిచేవాళ్లు. పొద్దున లేచేసరికి రోడ్డు అవతల శిల్పాలు చెక్కేవాళ్ల ఉలి చప్పుడు, ఇవతల మా మిషను చప్పుడు, ఈ రెండూ కలిసి మోగుతుంటే దాన్నే తెల్లవారడం అనుకునేదాన్ని.

సేమియా అంటే ఇప్పటి వాళ్లకు పొట్లం. మాకు అది ఎండ. పిండిముద్ద ఇత్తడి అచ్చులోంచి వేల పోగులై కిందికి దిగుతుంటే, మిషను దగ్గర పనిచేసే మాబున్ని వాటిని మూరెడు పొడుగున తెంపి కర్ర మీద వేసేది. ఆ కర్రలను భుజం మీద పెట్టుకుని అమ్మ వీధివైపు మెట్ల మీదుగా మిద్దె ఎక్కేది. మాది బండలు పరిచిన పాత మిద్దె. పైన వరుసగా కట్టిన దండేల మీద కర్రలు పేర్చితే, దూరం నుంచి చూసేవాళ్లకు మిద్దె మీద ఎవరో తెల్లజుట్టు ఆరబెట్టుకున్నట్టు కనిపించేది. చలికాలం మెల్లగా ఎండి పోగు తీగలాగా గట్టిపడేది. ఎండాకాలం పైపైన బిర్న ఎండి లోపల పచ్చిగా ఉండేది, అందుకని నడిమధ్యాహ్నం అమ్మ పైకిపోయి కర్రలన్నీ తిప్పి వేసేది. ఎండిందో లేదో చూడటానికి ఒక పోగు తీసి చెవి దగ్గర పెట్టుకుని విరిచేది. ఆ చప్పుడు ఎట్లా ఉండాలో నాకు నేర్పింది. నడింటి కప్పులో ఒక మనిషి పట్టేంత గవాచ్చి ఉండేది, వెలుతురు కోసం మా తాత పెట్టించిన చదరపు కంత. ఎండిన సేమియాను గంపల్లో పెట్టి ఆ కంతలోంచే కిందికి దించేవాళ్లం. నిచ్చెన వేసుకుని మేమూ దాంట్లోంచే ఎక్కి దిగేవాళ్లం.

ఉగాదికి మా ఇంట్లో భక్షాలు తక్కువ, పని ఎక్కువ. రంజాన్ నెల ముందర అయితే అమ్మ కూర్చుని అన్నం తినడం నేను చూడలేదు. నంద్యాలలో ఖాదర్ భాయ్ అని హోల్‌సేల్ అంగడాయన ఉండేవాడు. గడివేముల నుంచి నందికొట్కూరు దాకా చిల్లర అంగళ్లకు సరుకు ఆయన దగ్గర్నుంచే పోయేది. మా రెండు చిలకల సేమియా లేకుండా పండగ జరగదని ఆయన నాయనతో అనేవాడట, నాయన ఆ మాట ఇంటికొచ్చి రెండుసార్లు చెప్పేవాడు. పొట్లం మీద ఎదురెదురుగా కూర్చున్న ఆ చిలకలను గీసింది మా తాత. ఒక చిలకకు కాలు కొంచెం పొట్టి.

నేను ఆరో తరగతిలో ఉండగా ఆ మాటలు తగ్గిపోయాయి. తళతళలాడే కవర్లలో వేరే సేమియాలు వచ్చినాయి. మా మిషను మా తాత కాలంది, అచ్చు అరిగి పోగులు లావుపాటివి, సన్నటివి కలిసి దిగేవి. ఖాదర్ భాయే ఎవరి ద్వారానో కబురు పంపి, ఇట్లాంటి చిన్న కంపెనీల్లో పెట్టుబడి పెట్టే ఒకాయన బెంగుళూరులో ఉన్నాడని, వచ్చి చూస్తాడని చెప్పినాడు. ఆ సారు ఫోనులో నాయనను ఒకటే అడిగినాడంట, "మీది ఫ్యాక్టరీనా, ఇంట్లో చేస్తారా?" అని. ఇంట్లో చేసే సరుకు మీద పెట్టుబడి పెట్టను అన్నాడంట.

నాయన ఫ్యాక్టరీనే అని చెప్పేశాడు.

ఆ మాట చెప్పిన రోజునుంచి మా ఇంట్లో ఇల్లు కనిపించకుండా చేసే పని మొదలయింది. పడసాల గోడకు తగిలించిన నా చిన్నప్పటి ఫోటో తీసేశారు. తులసికోట పెరట్లో గోడ చాటుకు జరిగింది. దండెం మీద చీరలు పోయినాయి. పడసాలకు, నడింటికి మధ్య ఎప్పుడూ తెరిచే ఉండే తలుపుకు కొత్త గడియ బిగించి, దాని మీద 'స్టోరు' అని రంగుతో రాయించినాడు నాయన. గడప ముందర ముగ్గు వేయొద్దన్నాడు. అమ్మ చేతిలో ముగ్గుపిండి గిన్నె పట్టుకుని కొంచెంసేపు ఆయన దిక్కు చూసి, మళ్లా లోపల పెట్టేసింది. మాబున్నికి, ఇంకో ఇద్దరు పనోళ్లకు తలకు పెట్టుకునే తెల్లటోపీలు తెచ్చినాడు. మాబున్ని టోపీ పెట్టుకుని నన్ను చూసి కన్ను గీటింది. నాయన నవ్వలేదు. ఆ దినాల్లో ఆయన నిద్రపోయేటప్పుడు కూడా పళ్లు కొరికేవాడు.

సారు వచ్చే పొద్దు వంట చేయలేదు. తాలింపు వాసన పడసాలలోకి వస్తుందని ముందర్రోజు చేసిన చిత్రాన్నమే తిన్నాం. నిచ్చెన అడ్డంగా ఉంటుందని పెరట్లో పారేసినారు. కారు చప్పుడు వినపడగానే నాయన మమ్మల్ని ముగ్గుర్నీ, అవ్వను, అమ్మను, నన్ను నడింట్లోకి పంపి తలుపు దగ్గర నిలబడినాడు. పెరటివైపు తలుపు అంతకుముందే బయటినుంచి మూసేసినారు. అవ్వకు అప్పటికే మతిమరుపు. ఎవరు కనపడినా పోయి మీదే ఊరు నాయనా అని పలకరించే మనిషి.

"గడియేస్తాండా," అన్నాడు నాయన అమ్మతో. "ఒక్క గంట. అవ్వ బయటికొస్తే అంతా పాయె."

"మిద్దె మీద సరుకుండాది," అంది అమ్మ.

"ఒక్క గంటే. గమ్మునుండండి."

గడియ పడిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. మా ఇంట్లో ఆ తలుపుకు గడియ పడటం నేనెప్పుడూ వినలేదు. మూటల మధ్యన చీకటి. గవాచ్చిలోంచి ఒక చదరపు ఎండముక్క అవ్వ మంచం మీద పడేది. గాలి లేదు. ఎండాకాలం రవ్వమూటలు కూడా మనుషుల్లాగా వేడిని ఊపిరిగా వదులుతాయి. ముందు అది నాకు ఆటలాగానే ఉంది. అవ్వతో చింతగింజలు పెట్టుకుని అచ్చనగాయలు ఆడినా. గింజలు కింద పడి చప్పుడైతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టేది. తరువాత ఆట ఆపేసినాం. తలుపు అవతల నాయన మాట్లాడుతున్నాడు. ఆ గొంతు మా నాయనదే, మాట మాత్రం ఎవరిదో. "ఔనండి, అలాగేనండి, అన్నీ శుభ్రంగా జరుగుతాయండి" అంటున్నాడు. అవ్వ చెవి పెట్టి విని, "ఎవురే ఆ మాట్లాడేది, కృష్ణాజిల్లావోడా?" అని అడిగింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది, నవ్వడానికో ఏడవడానికో నాకు తెలియలేదు.

గంట కాదు, ఇంకా చాలాసేపయింది. సారుకు తొందర లేదు. మిషను ఆపించి మళ్లీ నడిపించుకుని చూస్తున్నాడు, అచ్చు విప్పించి చూస్తున్నాడు. చెంబులో నీళ్లు అయిపోయినాయి. అవ్వకు బయటికి పోవాల్సి వచ్చింది. చెప్పడానికి సిగ్గుపడి మంచం పట్టె పట్టుకుని అటూ ఇటూ కదులుతోంది. అమ్మ మూటల వెనక ఖాళీ డబ్బా ఒకటి వెతికి పెట్టి, తన చీరకొంగు తెరలాగా పట్టుకుంది. తొంభై గుమ్మాల్లో తిరిగి పెత్తనం చేసిన మనిషి మా అవ్వ, తన ఇంట్లోనే ఒక మూల కూర్చుని ముఖం చేతుల్లో దాచుకుంది. పిండి దుమ్ముకు నాకు దగ్గు వస్తోంది. దిండు అడ్డం పెట్టుకుని దగ్గుతున్నా. అరవగూడదు, తట్టగూడదు, ఉన్నామని తెలియగూడదు. మా ఇంట్లో మేము లేకుండా ఉండటం ఎంత కష్టమైన పనో ఆ మధ్యాహ్నం తెలిసింది.

అప్పుడు అవ్వ మంచం మీది ఎండముక్క ఆరిపోయింది.

అమ్మ తల ఎత్తి చూసింది. గవాచ్చిలో ఆకాశం ఇనుము రంగుకు తిరిగింది. నల్లమల దిక్కు నుంచి ఉరుము. మిద్దె మీద ఉన్నది రంజాన్‌కు ఖాదర్ భాయ్‌కి పోవాల్సిన సరుకంతా. తడిస్తే దాన్ని ఎనుములకు పోయాల్సిందే, మళ్లీ చేయడానికి దినాలు లేవు. అమ్మ తలుపు దగ్గరికి పోయి చెవి పెట్టింది. అవతల మాబున్ని గొంతు, "అన్నా, ఉరుముతాండాది" అంటోంది. సారు ఏదో అడుగుతున్నాడు, నాయన అలాగేనండి అంటున్నాడు. సారు ఉన్నంతసేపూ ఎవరూ చోటు కదలగూడదని ముందే అందరికీ చెప్పిపెట్టినాడు. ఉరుము ఆయనకూ వినపడే ఉంటుంది. అమ్మ గడియ వైపు చూసింది, తట్టడానికి చెయ్యెత్తి దించేసింది.

తరువాత అమ్మ చేసింది నేను ఎన్నిసార్లు తలుచుకున్నా కళ్లకు కట్టినట్టే ఉంటుంది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది. రవ్వమూటలను ఒకదాని మీద ఒకటి లాగి గవాచ్చి కిందికి మెట్లలాగా పేర్చింది. ఒక్కో మూట నా బరువుకు రెండింతలు. నన్ను ఎత్తి, "పైకి పో పాపా, కర్రలన్నీ మెట్లకాడి రేకుల కిందికి చేర్చు" అంది. నేను మోచేతులు గీసుకుంటూ మిద్దె మీదికి పాకినా. చల్లటిగాలి ముఖాన కొట్టింది. చినుకులు బండల మీద పడి అక్కడే ఆరిపోతున్నాయి. నేను కర్రలు ఎత్తి రేకుల కిందికి ఉరుకుతున్నా. వెనక్కి తిరిగి చూస్తే గవాచ్చిలోంచి అమ్మ తల, భుజాలు పైకొచ్చినాయి. జుట్టంతా రవ్వ. నడుము దగ్గర ఇరుక్కుపోయింది. రెండు చేతులూ బండకు ఆనించి పైకి తోసుకుంటోంది, రావడం లేదు.

సరిగ్గా అప్పుడే వీధివైపు మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడింది. ఎండబెట్టే చోటు చూద్దామని సారే అడిగినాడంట. ముందు నాయన, వెనక సారు. తెల్లచొక్కా, పెద్దవయసు, నెమ్మదైన ముఖం. చెడ్డవాడేం కాదు, ఆ మాట నేను ఇప్పుడూ చెప్తాను. మిద్దె నేలలోంచి సగం మొలిచిన ఆడమనిషిని చూసి ఆయన ఆగిపోయినాడు.

నాయన కదల్లేదు. అమ్మ ఆయనను చూసింది, తరువాత ఒక్క ఊపున ఒళ్లు చీరుకుంటూ పైకి లాక్కుంది. పోయి కర్రలు భుజానికెత్తుకుంది. వాన పెరిగింది. సారు కూడా రెండు కర్రలు ఎత్తి మాతో రేకుల కిందికి తెచ్చినాడు. నాయన అప్పుడు ఉరికినాడు. అందరం కలిసి చివరి దండెం ఖాళీ చేసేసరికి వాన ధారలు కట్టింది. సరుకు చాలావరకు దక్కింది.

రేకుల కింద ఒగుర్చుకుంటూ సారు అడిగినాడు. "ఎవరీమె?"

నాయన చేతిలో కర్ర గోడకు ఆనించినాడు. "పనామె సార్," అన్నాడు.

"మరి ఈ పాప? చిన్నపిల్లలతో పని చేయిస్తారా?"

"లేదండి. ఆమె కూతురు. ఊరికే తోడొచ్చింది."

నేను ఆయన ముఖంలోకి చూసినా. నాయనా అనబోయినా. అమ్మ నా చేతివేళ్లు నొప్పి పుట్టేట్టు నొక్కింది. అచ్చం నాయన ముక్కే నాకు, ఎవరు చూసినా చెప్పేస్తారు. సారు చూసినాడో లేదో తెలియదు. అమ్మతో, "మంచి పని చేసినావమ్మా" అన్నాడు. నాయనతో, "ఇట్లాంటి వాళ్లను పోగొట్టుకోకండి. నాకు మిషన్లు కావాలంటే దొరుకుతాయి, ఇది దొరకదు" అన్నాడు. అమ్మ తలొంచుకుని కొంగుతో నా మోచేతి రక్తం తుడుస్తోంది.

కారు పోయినంక నాయన గడియ తీసినాడు. అవ్వ మంచం మీద అట్లనే కూర్చుని ఉంది.

"పోయినాడా?" అంది. "అన్నం తిన్యాడా?"

"లేదుమా."

"ఇంటికొచ్చినోనికి అన్నం పెట్టకుండా పంపిస్తివి. ఏం మనిషివిరా నువ్వు."

ఆ సాయంత్రం అమ్మ కొట్లాడలేదు. వంట చేసింది, వడ్డించింది. నాయన అన్నం కలుపుకుంటూ, "ఏం చెప్పాల్నో తోచలే. ఇంట్లోవాళ్లని చెప్తే ఫోనులో చెప్పిందంతా అబద్ధం అయ్యేది" అన్నాడు. అమ్మ చారు వేసింది. మర్నాడు పొద్దున పనోళ్లు వచ్చే వేళకు అమ్మ టిఫిన్ డబ్బా చేత పట్టుకుని పెరటి తలుపులోంచి బయటికి పోయింది. సందు చుట్టూ తిరిగి వచ్చి, వీధితలుపులోంచి పడసాలలోకి అడుగుపెట్టి, చెప్పులు పనోళ్ల చెప్పుల పక్కన విడిచి, మాబున్ని పక్కన టోపీ పెట్టుకుని నిలబడింది. మధ్యాహ్నం వాళ్లతోనే కూర్చుని డబ్బాలోది తినింది. సాయంత్రం వాళ్లతోనే బయటికి పోయి, సందు చుట్టూ తిరిగి పెరటిలోంచి ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది. ఖాదర్ భాయ్ సరుకు వెళ్లిపోయేదాకా రోజూ అదే. మాబున్ని మొదటిరోజు నవ్వింది, రెండోరోజు నుంచి నవ్వలేదు. నాయన ఒక పొద్దు వీధిగుమ్మంలో అడ్డం నిలబడి, "ఇంట్లోంచి రా" అన్నాడు మెల్లగా.

"పనామెను గదా," అంది అమ్మ. "పక్కకు జరుగు."

పండగ అయిపోయినాక బెంగుళూరు నుంచి ఫోను వచ్చింది. సారు ఒప్పుకున్నాడు. నంద్యాల బయట షెడ్డు తీసుకుని కొత్త మిషన్లు పెడతాడు, నాయన మేనేజరు, చిలకల పేరు కంపెనీది అవుతుంది, నాయన వేరే ఎక్కడా సేమియా చేయగూడదు. నాయనను ఎందుకు నమ్మినాడో కూడా చెప్పినాడంట. ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషివి నువ్వు, నాకు అబద్ధం ఒక్కటే పడదు అన్నాడంట. చివరగా, ఆ మిద్దెక్కిన ఆమెను తప్పకుండా తీసుకురండి, పోగు సంగతి ఆమె చూసుకోవాల అన్నాడంట.

"పని మానేసిందని చెప్తాలే," అన్నాడు నాయన.

"ఇంకో అబద్ధమా," అంది అమ్మ. "నేను లేకుంటే ఆ కొత్త మిషన్లలో సేమియా యాడ కుదురుతాది? వస్తా. పనామెగానే వస్తా."

ఎందుకు ఒప్పుకుందో నేను చాలా ఏళ్లు ఆలోచించినా. కోపమే అనుకున్నా ముందు. కోపం ఉంది. కానీ తను చేసిందాన్ని వేరేవాళ్ల చేతుల్లో వదలలేకపోవడం కూడా ఉంది. ఈ రెండూ కలిసి ఆమెను ఆ షెడ్డులో కట్టేసినాయి.

నంద్యాలలో అద్దె ఇంటికి మారినాం. నాయన మోటారుసైకిలు మీద పోయేవాడు. అమ్మ పనోళ్లతో కలిసి ఆటోలో పోయేది. ఇంటినుంచి ఇద్దరూ ఒకేసారి బయల్దేరేవాళ్లు కాదు. షెడ్డులో ఆయన ఆమెను రత్నమ్మా అని, మీరు అని పిలిచేవాడు. ఆమె ఆయనను సారు అనేది. కొన్నాళ్లకు ఇంట్లో కూడా నోరు జారి సారు అనేసేది, అప్పుడు నాయన లేచి వీధిలోకి పోయేవాడు. అక్కడ ఎండ లేదు, దండేలు లేవు. పెద్ద ఇనుపగదుల్లో వేడిగాలి కొట్టి ఆరబెట్టేవాళ్లు. కిటికీలు ఎత్తున ఉండేవి, వాటిలోంచి ఏ దిక్కున మబ్బు పట్టిందో కనిపించేది కాదు. అమ్మ మాత్రం ఒక పోగు తీసి చెవి దగ్గర విరిచి చూసేది.

ఒకసారి బడిలో నాకు జ్వరమొచ్చింది. అవ్వ ఆ పొద్దు చుట్టాలింట్లో ఉంది, ఇంటి తాళం నా దగ్గర లేక షెడ్డు దగ్గరికి నడుచుకుంటూ పోయినా. గేటుకాడి మనిషి ఎవరి పిల్లవని అడిగితే, నేర్పించినట్టే రత్నమ్మ కూతుర్ని అని చెప్పినా. అదే సమయానికి నాయన బెంగుళూరు నుంచి వచ్చిన ఇద్దరితో గేటు దగ్గరికి వచ్చినాడు. నన్ను చూసినాడు. నా కళ్లు ఎర్రగా ఉన్నాయని, నిలబడలేకపోతున్నానని ఆయనకు కనిపించింది. చెయ్యి సగం లేచింది, నా నుదురు దిక్కు. మళ్లా జేబులోకి పోయింది. "రత్నమ్మను పిలువప్పా," అన్నాడు గేటు మనిషితో. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆయన కూడా ఏదో గడియ అవతల ఉన్నాడనిపించింది.

ఆయుధపూజకు సారు వచ్చేవాడు, రత్నమ్మ కూతురిగా నేనూ పోయేదాన్ని. పనోళ్లందరికీ చీరలు పంచేవాడు. అమ్మకు తన చేత్తో ఇచ్చి, కులాసానా అని అడిగేవాడు. ఒక సంవత్సరం పూజ అయినాక నాయనను, "మీ ఇంటావిడను ఎప్పుడూ తీసుకురారే" అని అడిగినాడు. అమ్మ అక్కడే అరటిపండ్లు పంచుతోంది. నాయన ఆమె దిక్కు చూసినాడు. చెప్తాడనుకున్నాను. మాబున్ని కూడా చేతిలో పని ఆపింది. "ఆమెకు ఆరోగ్యం బాగుండదు సార్," అన్నాడు నాయన. అమ్మ సారు చేతిలో పండు పెట్టి ముందుకు జరిగింది. ఆ రాత్రి నాయన అన్నం తినలేదు.

ఇంకొన్నేళ్లకు సారుకు వయసైపోయింది. ఆయన మనుషులు లెక్కలేవో చూసుకుని షెడ్డు మూసి, మిషన్లు, చిలకల పేరు తమిళనాడు దిక్కుకు తీసుకుపోయినారు. ఒప్పందం ప్రకారం నాయన సొంతంగా సేమియా చేయడానికి లేదు. ఆ గడువు తీరేసరికి చేసే ఓపిక లేదు. బియ్యం మిల్లులో గుమాస్తాగా కుదిరినాడు. అమ్మ ఇంట్లో కూర్చుంది. అవ్వ ఆ మధ్యలోనే పోయింది. పోయే ముందర కూడా, ఆ వచ్చినాయనకు అన్నం పెట్టినారా అని అడిగింది.

ఇప్పుడు ఆళ్లగడ్డలో ఆ ఇల్లు లేదు. కొన్నవాళ్లు పడగొట్టి రెండంతస్తుల సెల్‌ఫోను అంగడి కట్టినారు. గవాచ్చి అంటే ఏందని మా బడి పిల్లలు అడుగుతారు. మిద్దెల మీద ఏమీ ఎండటం లేదు, నీళ్ల ట్యాంకులు తప్ప. మాబున్ని కొడుకు దగ్గరికి కడపకు పోయింది. ఉలి చప్పుడు పోయి మిషను రంపాల కూత వచ్చింది. అవ్వ అచ్చనగాయలు ఆడేటప్పుడు పాడే పాటలో నాకు మొదటి చరణం కూడా గుర్తు లేదు.

అమ్మా నాయనా నా దగ్గరే ఉంటారు. వాన పడిన రెండోరోజు ఆళ్లగడ్డలో పెండ్లి ఉందని ముగ్గురం నంద్యాల బస్టాండుకు పోయినాం. బెంచీ మీద చేతికర్ర పట్టుకుని ఒక ముసలాయన నాయనను తేరిపార చూసి, "సేమియా అన్నా గదా?" అన్నాడు. ఖాదర్ భాయ్. గడ్డం పూర్తిగా తెల్లబడింది. చేతులు పట్టుకుని వదల్లేదు. "నీ సేమియా పోయినంక మా ఇంట్లో పండగ పండగలాగా లేదప్పా. నీ చేతిలో ఏముందో ఏమో," అన్నాడు.

నాయన అమ్మ దిక్కు తిరిగినాడు. "నా చెయ్యి కాదు భాయ్," అన్నాడు. "ఈమెది. ఈమె మా ఇంటామె."

ఖాదర్ భాయ్ కళ్లద్దాలు సర్దుకుని అమ్మను చూసినాడు. "ఈమె నాకు యాదుంది. షెడ్డులో పనామె గదా? సరుకు కోసం వచ్చినప్పుడల్లా చూసేవోన్ని." ఇంకొంచెం ముందుకు వంగి, గొంతు తగ్గించి, నాయనను అడిగినాడు. "ఎప్పుడు చేసుకుంటివప్పా? నాకు చెప్పనే లేదే."

అమ్మ ఫక్కున నవ్వింది. ముందు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, తరువాత అదీ వదిలేసింది. బెంచీ మీద కూలబడి, భుజాలు కదిలిపోయేట్టు నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది, మళ్లా నవ్వుతోంది. చుట్టుపక్కలవాళ్లు తిరిగి చూసినారు. నాయన ముఖం ఎర్రబడింది. ఆమె దిక్కు, భాయ్ దిక్కు చూసినాడు. ఆళ్లగడ్డ బస్సు వచ్చి నిలబడింది. జనం ఎక్కుతున్నారు. నేను సంచి ఎత్తుకుని, "నాయనా, బస్సు" అన్నా.

ఆయన బస్సు దిక్కు పోలేదు. భాయ్ పక్కన, అమ్మకు ఇవతల కూర్చున్నాడు.

"బెంగుళూరు సారు వచ్చినాడు సూడు, ఆ పొద్దు," అని మొదలుపెట్టినాడు. "ఈమెను నడింట్లో పెట్టి గడియేసినా భాయ్."

కండక్టరు కేక వేసినాడు. బస్సు కదిలిపోయింది. నేను సంచి కింద పెట్టి వాళ్ల పక్కన కూర్చున్నా.